ఎర్రదొనపల్లె దోసిలమ్మ తల్లి వెలసిన వైనం

ఎర్రదొనపల్లె అడ్డరోడ్డులో బస్సు దిగిన భక్తులు పడమరగా మైలున్నర నడిస్తే పాలవాగు వస్తుంది. పేరుకే వాగు. ఏడాదిలో తొమ్మిది నెలలు అందులో ఇసుక తప్ప మరేమీ కనిపించదు. వాగుకు తూర్పు గట్టున ఊరు, పడమటి గట్టున అవతలిపాలెం. తూర్పు గట్టు అంచున నాలుగు రాతి స్తంభాల మీద రెండు బండలు కప్పిన చిన్న మండపం ఉంది. అదే దోసిలమ్మ తల్లి సన్నిధి.

ఇక్కడ గోపురం లేదు, గర్భగుడి లేదు, తలుపు అసలే లేదు. తల్లి రూపం మోకాలెత్తు నల్లరాయి. ఆ రాతికి ముఖం లేదు. పైభాగాన ఒకదానికొకటి చేర్చి పట్టిన రెండు అరచేతులు మాత్రం వేళ్ళ కణుపులతో సహా స్పష్టంగా తెలుస్తాయి. కొత్తగా వచ్చినవారు చుట్టూ తిరిగి చూసి, "అమ్మ మొహం ఎటుందమ్మా?" అని అడుగుతుంటారు. "మొహం లేదు నాయనా, చేతులే" అని అర్చకురాలు చెబుతుంది. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు, బలి ఇవ్వరు. ఎవరి ఊరి నుంచి వారు తెచ్చిన నీళ్ళు ఆ దోసిట్లో పోసి దణ్ణం పెట్టుకుంటారు. తల్లికి సేవ చేసేది తలారుల ఇంటి ఆడవాళ్ళు. ఇదంతా ఎందుకు ఇలా ఏర్పడిందో పెద్దల నోట విన్నది విన్నట్టుగా కింద రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ మాలకొండయ్య అనే పెదకాపు ఊరి పెత్తనం చేసేవాడు. ఏ రాజు ఏలుబడిలోనో చెప్పే శాసనం లేదు. చావడిలో ఐదుగురు పెద్దలు కూర్చుంటే వారి నడుమ ఆయన కూర్చునేవాడు. మాటకు నిలబడే మనిషని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. సొంత తమ్ముడి ఎడ్లు పరాయి చేలో పడితే అందరికంటే ముందు వాటినే బందెలదొడ్డికి తోలించాడట. తన వాళ్ళు, పైవాళ్ళు అన్న తేడా చూపనివాడని జనం చెప్పుకుంటుంటే ఆయనకు లోలోపల సంతోషంగా ఉండేది. ఆ సంతోషమే చివరికి ఆయన్ను కాల్చింది.

ఆయనకు ఒక్కతే కూతురు, చెంచమ్మ. ఐదో ఏట తల్లి పోయింది. ఇంట్లో వదిలిపెట్టడానికి మనసొప్పక మాలకొండయ్య పిల్లను చావడికి తెచ్చుకునేవాడు. పొలంగట్ల తగవులు వింటూ వింటూ ఆ పిల్ల తండ్రి ఒళ్ళోనే నిద్రపోయేది. తలారి నాగులు తన పైగుడ్డ మడిచి ఆమె తల కింద పెట్టేవాడు.

పిల్ల పెద్దదయ్యాక మంచి మంచి సంబంధాలు వచ్చాయి. మాలకొండయ్య మాత్రం అవతలిపాలెం పుల్లయ్యకు ఇచ్చి చేశాడు. పడమటి సీమలో కరువొచ్చి పదేళ్ళ ముందు వలస వచ్చిన ముప్పై ఇళ్ళవాళ్ళకు వాగవతల చోటు చూపించి నిలబెట్టింది ఆయనే. ఆ ముప్పై ఇళ్ళలో రెడ్లున్నారు, కుమ్మరులున్నారు, దూదేకులవారున్నారు. "అంత లేని ఇంటికి ఇచ్చావేమయ్యా" అని బంధువులు అడిగితే, "వాగు దాటితే నా బిడ్డ గుమ్మం. ఇంకేం కావాలి?" అన్నాడు.

అవతలిపాలేనికి లేనిది ఒక్కటే, నీళ్ళు. వాగులో చెలమలు తోడుకుని పశువులకు పెట్టేవారు. తాగడానికి, వండడానికి మాత్రం వాగు దాటి, ఊరి మొగదల రాతిగుంటలో నీళ్ళూరే ఎర్రరాతి దొనకు రావలసిందే. ఎంతటి ఎండాకాలంలోనూ ఆ దొన ఎండేది కాదు. దాని పేరే ఊరికి వచ్చింది.

ఒక ఏడు వానలు లేవు. మరుసటి ఏడూ లేవు. ఆ రెండో ఏటి వైశాఖంలో తిరునాళ్ళకు పోయి వచ్చిన అవతలిపాలెం వాళ్ళు కొందరు మహమ్మారిని వెంటబెట్టుకొచ్చారు. పొద్దున వాంతులూ విరేచనాలూ మొదలైన మనిషి సాయంత్రానికి పీక్కుపోయేవాడు. రెండు రోజుల్లో ఐదుగురు పోయారు.

ఊరు గడగడలాడింది. చావడిలో పెద్దలు కూడారు. వాగు గట్టు పొడవునా తుమ్మకంప వేయాలని, అటువాళ్ళు ఇటు రాకూడదని, ఇటువాళ్ళు అటు పోకూడదని అన్నారు. మాలకొండయ్యకు ముందు కూతురే గుర్తొచ్చింది. కానీ ఊళ్ళో రెండు వందల గడపలున్నాయి. తన బిడ్డ అవతల ఉందని కంచె వద్దంటే పక్షపాతం అంటారు. "వేయండి" అన్నాడు.

"కానీ ఒక్క మాట. రోజూ పొద్దున్నే పది కడవల నీళ్ళు, రెండు కుండల గంజి కంచె కాడ పెట్టాలి. మన మనుషులు ఎడంగా వచ్చాక అటువాళ్ళు వచ్చి తీసుకుపోతారు."

అందరూ "అట్టాగే" అన్నారు. ఎవరు పెట్టాలో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మొదటి రోజు పది కడవలూ వెళ్ళాయి. రెండో రోజు ఆరు, మూడో రోజు రెండు. నాలుగో రోజు నుంచి ఏమీ లేవు. నీరుగంటి పెట్టిస్తున్నాడని కరణం అనుకున్నాడు. ఇది చేలకు పెట్టే నీరు కాదు కదా, తలారి పని అని నీరుగంటి అనుకున్నాడు. వంతుల వారీగా ఇళ్ళవాళ్ళు తెస్తారని తలారికి చెప్పారు. ఇళ్ళలో ఎవరికి వారు భయపడి, పక్కింటివాళ్ళు పోయి ఉంటారులే అని తలుపులు వేసుకున్నారు. పదిమందిలో పాము చావదని సామెత. పదిమందిలో కడవా కదలలేదు.

మాలకొండయ్య రోజూ చావడికి వచ్చి కూర్చోగానే అడిగేవాడు. "నీళ్ళు పోతున్నాయా?"

"పోతున్నాయి పెదకాపూ" అని ఎవరో ఒకరు అనేవారు. అబద్ధమని వాళ్ళకూ గట్టిగా తెలియదు.

చావడి నుంచి వాగు గట్టుకు రెండు వందల అడుగులు. ఆయన ఒక్కసారి లేచి పోయి చూసి ఉంటే తెలిసిపోయేది. పోలేదు. కంచెకు అవతల కూతురు నిలబడి కనిపిస్తే తన కాళ్ళు ఆగవని ఆయనకు తెలుసు. చూడకపోతే ధర్మం నిలుస్తుందనుకున్నాడు.

కంచె దగ్గర కాపలా తలారి నాగులుది. నాలుగో రోజు ఒక మనిషి కంచె అవతలికి వచ్చి చేతులు చాపాడు. నాగులు తన ముంతలో నీళ్ళు వంగి పోశాడు. అది విని అతని భార్య ఏడ్చింది. "మనకూ పిల్లలుండారు కదయ్యా" అంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు నాగులు, "చెప్పాను, పంపిస్తారు" అని మొహం తిప్పుకునేవాడు. కరణంతో చెప్పాడు కూడా. "చెబుతాలే" అన్నాడు కరణం. పెదకాపు దగ్గరికి నేరుగా పోయి చెప్పే ధైర్యం తలారికి లేకపోయింది.

కంచె వేసిన తొమ్మిదో రోజు. మిట్టమధ్యాహ్నం. వాగు ఇసుక మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండలో చెంచమ్మ వచ్చింది. మూడో రోజే పుల్లయ్య పోయాడు. అత్త పోయింది. పాలెంలో లేవగలిగినవాళ్ళలో ఆమె ఒకతె గనుక, ఇంటింటికీ తిరిగి పడి ఉన్నవాళ్ళను ఒత్తిగిలబెట్టేది, చెలమ అడుగున మిగిలిన బురదనీళ్ళు గుడ్డలో వడగట్టి నాలుక తడిపేది. ఆ చెలమ కూడా ముందు రోజు ఎండిపోయింది. రెండేళ్ళ కూతుర్ని ఒక ముసలామె పక్కలో పడుకోబెట్టి తాను వచ్చింది. అప్పటికే ఆమెకూ రోగం సోకింది. కంచె పట్టుకుని గాని నిలబడలేకపోయింది.

నాగులు చూసి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కర్ర కింద పడేశాడు.

"తల్లీ, నువ్వెందుకొచ్చావు?"

"నీళ్ళు రావడం లేదు మామా. ఐదు రోజులైంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి చూసి పోతానే ఉండారు."

"వస్తాయమ్మా. పంపిస్తామన్నారు."

"నాయనతో నువ్వే పోయి చెప్పు. కూతురొచ్చిందని మాత్రం చెప్పబాక. కూతురంటే నాయన రాడు, ఊరు మాటంటదని. ఎనిమిది ఇళ్ళల్లో ఇంకా ఊపిరి ఉందని చెప్పు. దాహమని ఏడవడానికి కూడా వాళ్ళకు గొంతు తడి లేదని చెప్పు."

అని కంపల సందులోంచి రెండు చేతులూ ఇటువైపు చాచి దోసిలి పట్టింది. ఆ పూట నాగులు ముంతలో చుక్క లేదు. చావడి వైపు పరుగెత్తాడు.

చావడిలో పెద్దలందరూ ఉన్నారు. మెట్ల కింద నిలబడవలసిన తలారి ఆ రోజు మెట్లెక్కి లోపలికి వచ్చాడు.

"అయ్యా, అవతలికి నీళ్ళు పోవడం లేదు. ఐదు రోజులైంది. ఎనిమిది ఇళ్ళల్లోనే మనుషులు మిగిలారంట."

మాలకొండయ్య కరణం వైపు చూశాడు. కరణం నీరుగంటి వైపు చూశాడు. నీరుగంటి నేల వైపు చూశాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు మాలకొండయ్య.

చెప్పొద్దన్న మాట నాగులు నిలుపుకోలేకపోయాడు. "చెంచమ్మ తల్లి. కంచె కాడ నిలబడి ఉంది."

మాలకొండయ్య లేచాడు. పక్కనున్న పెద్ద ఒకాయన మెల్లగా అన్నాడు. "ఇన్నాళ్ళూ రాని పెదకాపు కూతురొచ్చేసరికి లేచాడంటారు. ఆలోచించు."

ఆ మాట ముల్లులా దిగింది. మాలకొండయ్య మళ్ళీ కూర్చున్నాడు. "కడవలు నింపించండి. వెంటనే పంపించండి" అన్నాడు. అందరూ కదిలారు. కడవ ఎవరింటి నుంచి తేవాలి, దొన దగ్గరికి ఎవరు పోవాలి అని చావడి ముందు గుంపుగా చేరి మాట్లాడుకున్నారు. ఒక గడియ గడిచింది. ఇంకో గడియ సగమైంది. ఎద్దుల బండి కట్టమని అడిగితే ఒకరి ఎద్దులు మేతకు పోయాయన్నారు.

మాలకొండయ్య అంతా వింటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి, చావడి మూలన పెద్దలు తాగడానికి పెట్టిన నీళ్ళకుండను తానే భుజాన ఎత్తుకున్నాడు. ఎవరో పట్టుకోబోతే మోచేత్తో తోసి ఎండలో పడ్డాడు. నాగులు వెనకాల పరుగెత్తాడు.

దూరం నుంచి చూస్తే చెంచమ్మ నిలబడి ఉన్నట్టే ఉంది. కంపకు ఆనుకుని తల ఒక పక్కకు వాల్చింది. చేతులు మాత్రం ఇటువైపు చాచి దోసిలి పట్టినట్టే ఉన్నాయి. "వచ్చానమ్మా, వచ్చాను తల్లీ" అంటూ మాలకొండయ్య కుండ దించి వంచాడు. నీళ్ళు ఆమె దోసిట్లో పడ్డాయి. నిండాయి. వేళ్ళ సందుల్లోంచి ఒక్క చుక్క కారలేదు.

"తాగమ్మా" అన్నాడు.

ఆమె తాగలేదు. "తాగు తల్లీ, అలిగితే ఎట్టా?" అని మళ్ళీ అన్నాడు. వెనక నాగులు, "అయ్యా..." అని అక్కడే కూలబడ్డాడు. అప్పుడు మాలకొండయ్య చూశాడు. ముంజేతులు రెండూ ముళ్ళలో చిక్కుకుని ఆమెను నిలబెట్టి ఉంచాయి. ప్రాణం పోయి ఎంతసేపయిందో తెలియదు. దోసిట్లో నీళ్ళు మాత్రం కదలకుండా అలాగే ఉన్నాయి.

ఆయన అరవలేదు. కంచె పీకాడు. వట్టి చేతులతో తుమ్మకంపను లాగి అవతల పడేశాడు. ఒళ్ళంతా చీరుకుపోయింది. కూతుర్ని ఎత్తి నీడలో పడుకోబెట్టి, ఆమె దోసిట్లో నీళ్ళను ముందుగా తన నెత్తిన చల్లుకుని, నీళ్ళు మిగిలిన కుండ ఎత్తుకుని వాగు దాటాడు. ఆ రోజు నుంచి ఊరు ఊరంతా కడవలు మోసింది. ఎనిమిది ఇళ్ళని చెంచమ్మ చెప్పింది. ఆయన అక్కడికి చేరేసరికి ఆరిళ్ళే మిగిలాయి. పదకొండుమంది బతికారు. ఆ ముసలామె పక్కలో చెంచమ్మ కూతురు కూడా బతికే ఉంది.

కూతుర్ని మట్టి చేసి వచ్చిన రోజున మాలకొండయ్య అరుగు మీద కూర్చుని, "నా బిడ్డ గుక్కెడు నీళ్ళడిగితే ఇవ్వలేకపోయానురా నాగులూ" అన్నాడు.

నాగులు తల వంచుకునే అన్నాడు. "అయ్యా, చంపినా సరే చెబుతాను. తల్లి పదమూడో మనిషి."

"ఏమన్నావు?"

"ఆమె కంటే ముందు పన్నెండు మంది కంచె కాడికొచ్చి అట్టాగే చేతులు చాపారు. మొదట కుమ్మరి వీరన్న వచ్చాడు, వాళ్ళమ్మకని. తర్వాత ఎల్లమ్మ మొగుడు గంగన్న. దూదేకుల మస్తాను ఇద్దరు బిడ్డల్ని చంకనేసుకొచ్చాడు..." ఇలా ఒక్కొక్క పేరూ చెప్పాడు. ఆ పన్నెండు పేర్లలో ఐదు మాలకొండయ్య ఎన్నడూ విననివి. వాళ్ళకు చోటు చూపించింది తానే, గుంజలు పాతించింది తానే, పేరు మాత్రం తెలియదు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు. నోటికి వచ్చేదాకా చెప్పించుకున్నాడు. తన దుఃఖం ఒక్కటే దుఃఖమనుకున్న మనిషికి ఆ పూట పన్నెండు ఇళ్ళ దుఃఖం మీద పడింది. ఆ తర్వాత ఆయన చావడి మెట్లెక్కలేదు. మనుమరాలిని ఎత్తుకుని పొద్దుపోయేవరకు వాగు గట్టున తిరిగేవాడు.

ఆ ఏడు ఆశ్వయుజంలో వాన పడింది. పాలవాగు రెండు గట్లూ ఒరుసుకుని పారింది. వరద తీసిన నెల తర్వాత మేకలు కాసుకునే లచ్చమ్మ అనే ఆమె కంచె వేసిన చోట ఒక నల్లరాయి బయటపడి ఉండటం చూసింది. చుట్టూ ఇసుక ఎండి తెల్లబడింది. రాతి మీది దోసిట్లో మాత్రం నిండా నీళ్ళు. మేకలు దాహంతో ఉన్నా ఆ నీళ్ళలో మూతి పెట్టకుండా చుట్టూ నిలబడ్డాయట. లచ్చమ్మ కేకలేస్తూ ఊళ్ళోకి పరుగెత్తింది.

మాలకొండయ్య వచ్చి చూశాడు. ఎడమ చేతి చిటికెన వేలు కొంచెం లోపలికి వంగి ఉంది. చెంచమ్మ వేలు అంతే. పుట్టుకతో వచ్చిన వంకర. ఆయన రాతిని కావలించుకుని, కూతురు పోయిన నాడు రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు.

ఏడ్చి ఏడ్చి అక్కడే ఇసుకలో ఒరిగి కన్ను మూసుకున్నాడు. ఆ పగటి నిద్రలో చెంచమ్మ కనిపించింది. పెళ్ళినాటి చీర కట్టుకుని ఉంది. మొహం మాత్రం కనబడనివ్వలేదు.

"నీకు గుడి కట్టిస్తానమ్మా. ఏడంతస్తుల గోపురం కట్టిస్తాను" అన్నాడు కలలో.

"నాకెందుకు నాయనా గోపురం? తలుపులున్న చోట నేనుండను."

"మరి ఏం చెయ్యమంటావు? ఏం చేస్తే నీ దాహం తీరుతుంది?"

"నువ్వు రోజూ అడిగేవాడివి, నీళ్ళు పోతున్నాయా అని. చావడిలో కూర్చుని అడిగావు. గడప కాడికి పోయి అడుగు నాయనా. ఏడాదికొక్కసారైనా ప్రతి గడప కాడా నిలబడి, ఏం లోటని అడుగు. వాళ్ళు నోరు తెరిచేదాకా కదలబాక. ఊరి పెత్తనం ఎవరు చేస్తే వాళ్ళు అడగాలి. ఏ పని ఎవరిదో ఆ మనిషి పేరు పెట్టి చెప్పాలి. ఊరందరిదీ అనబాక."

"నన్ను మన్నించావా తల్లీ?" అని అడిగాడు.

మెలకువ వచ్చింది.

మరునాడు పొద్దున్నే మాలకొండయ్య స్నానం చేసి, చెప్పులు విడిచి, దొన నీళ్ళు తెచ్చి రాతి దోసిట్లో పోసి, అవతలిపాలేనికి బయలుదేరాడు. మొదట ఎల్లమ్మ ఇంటికి పోయాడు. ఆ పన్నెండుమందిలో ఆమె భర్త గంగన్న రెండోవాడు. తలుపు తీసే ఉంది. ఆమె లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎల్లమ్మా, ఏం లోటు తల్లీ నీ ఇంట్లో?"

ఆమె తలెత్తి చూసింది. "ఇప్పుడొచ్చావా పెదకాపూ?" అంది. ఆపైన మాట్లాడలేదు.

ఆయన కదలలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. నీడలోకి రమ్మని ఎవరో అన్నారు. రాలేదు. ఎల్లమ్మ లేచి చెంబెడు నీళ్ళు తాగింది, ఆయన వైపు చూడలేదు. మధ్యాహ్నం తిరిగింది. అరవై ఏళ్ళ మనిషి అలాగే నిలబడి ఉన్నాడు. పొద్దు వాలుతుండగా ఎల్లమ్మ గడప దాకా వచ్చింది. చాలాసేపు ఆయన పాదాల వైపు చూసింది.

"పొయ్యిలో నిప్పు ఆరిపోయింది. నాలుగు రోజులైంది. పక్కిళ్ళు ఖాళీ. అడగను ఎవరూ లేరు" అంది.

ఊరి పెదకాపు వాగు దాటి ఊళ్ళోకి పోయి, పెంకులో నిప్పు కణికలు పెట్టుకుని, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ వాగు దాటి వచ్చాడు. ఆ పొయ్యి తానే వంగి ఊది అంటించాడు. పొగకో మరెందుకో ఇద్దరికీ కళ్ళనీళ్ళు కారాయి. మన్నించానని ఆమె అనలేదు. ఆయనా అడగలేదు.

వాగుకు రెండు వైపులా అన్ని గడపలూ తిరిగేసరికి ఏడు రోజులు పట్టింది. ఒక ఇంట్లో చూపులేని ముసలాయనకు గంజి కాచేవాళ్ళు లేరు. ఒక ఇంట్లో బాలింతకు పాలు లేవు. ఊరి నడుమ మేడ ఇంట్లోనే కోడలు మూడేళ్ళుగా మంచం పట్టి ఉందని అప్పుడే తెలిసింది. ఎనిమిదో రోజు పెద్దలందరినీ చావడికి కాకుండా ఆ రాయి దగ్గరికి పిలిపించాడు. "ముసలాయనకు గంజి ఎవరు కాస్తారు?" అన్నాడు. "అందరం చూసుకుంటాం" అన్నారు. "అందరూ వద్దు. ఒక్కరి పేరు చెప్పండి" అన్నాడు. పేరు చెప్పేవరకు అందర్నీ ఎండలో నిలబెట్టాడు. అవతలిపాలెంలో రెండు కొండబండలు పగలగొట్టించి బావి తవ్వించాడు. రాతికి నీడగా నాలుగు స్తంభాలు నిలిపించాడు. తల్లి సేవ నాగులు ఇంటికి అప్పగిస్తే, "కంచె కాపలా కాసిన చేతులయ్యా ఇవి" అని నాగులు వెనుకాడాడు. "అందుకే" అన్నాడు మాలకొండయ్య.

ఆయన ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికాడు. మనసు మాత్రం తేలిక పడలేదు. మనుమరాలికి ఊహ వచ్చాక ఒకనాడు, "తాతా, మా అమ్మ ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగింది. రోగమొచ్చి అని చెప్పవచ్చు. ఊళ్ళో అందరూ అలాగే చెప్పేవారు. మాలకొండయ్య పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నేను లేచి పోయి చూడలేదమ్మా. అందుకు" అన్నాడు. ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించి, లేచి లోపలికి పోయింది. రెండు రోజులు తాతతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల వంశంవారు ఇప్పటికీ అవతలిపాలెంలో ఉన్నారు.

పెదకాపులు పోయారు, కరణాలు పోయారు, పంచాయతీలు వచ్చాయి. ఆచారం మాత్రం నిలిచింది. ఏటా వైశాఖ బహుళ నవమినాడు గ్రామ సర్పంచ్, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శి చెప్పులు లేకుండా సన్నిధికి వచ్చి తల్లి దోసిట్లో నీళ్ళు పోస్తారు. అర్చకురాలు ముందుగా పన్నెండు పేర్లు చదివి, ఆఖరున చెంచమ్మ పేరు చదువుతుంది. అక్కడి నుంచి ఇంటింటికీ బయలుదేరతారు. ఊరి నర్సు, అంగన్‌వాడీ టీచరు వెంట ఉంటారు. గడప ముందు నిలబడి, "ఇంట్లో ఏం లోటు?" అని సర్పంచే అడగాలి. జవాబు వచ్చేదాకా కదలకూడదు. కాలనీ, ఎస్సీ వాడ, వాగు గట్టున గుడారాలు వేసుకున్న బాతులవాళ్ళు, ఎవర్నీ దాటిపోకూడదు. పింఛను రాని ముసలామె, బడి మానిన ఆడపిల్ల, మంచం మీది మనిషిని ఎత్తి కూర్చోబెట్టే తోడు లేని ఇల్లు, అన్నీ అప్పుడే బయటపడతాయి. చివరి రోజు సన్నిధిలో సభ జరుగుతుంది. ఒక్కొక్క పనికీ ఒక్కొక్క మనిషి పేరు పలికి, ఆ మనిషి చేత తల్లి దోసిట్లోని నీళ్ళు ముట్టిస్తారు.

అన్నీ తీరుతాయని ఈ పుస్తకంలో రాస్తే అది తల్లికి అబద్ధం చెప్పినట్టవుతుంది. నాలుగేళ్ళ కిందట వరద రోజుల్లో అవతలిపాలెం సుబ్బరాయుడి భార్యకు నొప్పులొచ్చాయి. వాగు దాటించే దారి లేక తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆ నవమికి సర్పంచ్ వెంకాయమ్మ గారు ఆయన గడప ముందు నిలబడి ఏం లోటని అడిగితే, "వంతెన" అన్నాడు. వంతెన పంచాయతీ చేతిలో పని కాదు. అర్జీ పట్టుకుని తిరిగే బాధ్యతకు ఆమె తన పేరే పలికి నీళ్ళు ముట్టింది. మరుసటి ఏడు పోయి, "ఇంకా రాలేదు నాయనా" అంది. ఆ మరుసటి ఏడూ అదే మాట. మీదటి ఏడు వార్డు సభ్యులు ఆ గడప దాటిపోదామన్నారట, ఏం మొహం పెట్టుకుని అడుగుతామని. ఆమె ఒప్పుకోలేదు. వెళ్ళి నిలబడింది. సుబ్బరాయుడు చాలాసేపటికి బయటికి వచ్చి, అరుగు మీద పీట వేశాడు.

"కూర్చోమ్మా. రాలేదని నాకూ తెలుసు. నువ్వొస్తావో రావో అని చూస్తున్నాను" అన్నాడు.

దోసిలమ్మ తల్లిని దర్శించేవారు తమ కోరికలతో పాటు ఒక చెంబు నీళ్ళు తెచ్చుకోవలెను. సన్నిధి తెల్లవారినది మొదలు పొద్దుగూకేవరకు అందరికీ తెరిచే ఉంటుంది. బిడ్డల తల్లులకు, వయసు మళ్ళినవారికి, మాట సాగనివారికి తల్లి ముందుగా పలుకుతుందని ఇక్కడివారి నమ్మకం. ఊరి బాధ్యత మోసేవారు తల్లి ముందు నిలబడినప్పుడు తమ కోసం ఏమీ కోరుకోరాదు. ఆ దోసిట్లో నీళ్ళు పోసి, వెనక్కి తిరిగి, తమ ఊళ్ళో అడగకుండా మిగిలిన గడప ఏదో గుర్తు చేసుకుని, నేరుగా అక్కడికి వెళ్ళవలెను. అదే ఇక్కడి ప్రదక్షిణ.